రెప్పల చర్మం ఎండి పొట్టు రాలుతోంది, మంట తగ్గడం లేదు: కారణం ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: వేకువ

నమస్కారం. నాలుగు నెలలుగా నా పైరెప్పలు రెండూ ఎండిపోయి, ఎర్రబారి, సన్నగా పొట్టు రాలుతున్నాయి. మొదట ఎడమ కంటి లోపలి మూల దగ్గర చిటికెన వేలి గోరంత మేర గరుకుగా తగిలింది. ముఖం కడుక్కున్నాక సరిగా తుడుచుకోకపోవడం వల్ల అలా అయి ఉంటుందనుకొని పట్టించుకోలేదు. పది రోజులు తిరక్కుండానే ఆ గరుకుదనం రెప్పంతా పాకి, కుడి రెప్పకు కూడా వచ్చింది. ఉదయం కళ్లు తెరిచేటప్పుడు చర్మం బిగుసుకుపోయినట్టు ఉండి, రెప్ప మడత పడే చోట చురుక్కుమంటుంది. ఒక కన్ను మూసి రెండో కంటితో అద్దంలో చూసుకుంటే, మూసిన రెప్ప మీది చర్మం నలిపి విప్పిన పల్చని కాగితంలా ముడతలు పడి కనిపిస్తోంది. మధ్యాహ్నానికి కాస్త నెమ్మదిస్తుంది గాని, సాయంత్రం పని ముగించుకొని ఇంటికి చేరేసరికి దురద మొదలవుతుంది. నులుముకుంటే ఆ క్షణానికి ఎంతో హాయిగా ఉంటుంది, ఆ తరువాత గంటసేపు మంట.

చూపులో తేడా లేదు. కన్ను ఎర్రబడలేదు, పుసి కట్టడం లేదు, రెప్పవెంట్రుకలు ఊడడం లేదు. బాధంతా పైచర్మంలోనే ఉన్నట్టు తోస్తోంది.

ఇంతవరకు నేను చేసినవన్నీ దాచకుండా చెబుతాను. ఫేస్‌వాష్ రెండుసార్లు మార్చాను. మూడు రకాల క్రీములు రాసి చూశాను. అందులో ఒకటి రాసుకున్న వెంటనే కళ్లలో నీళ్లు తిరిగేంత మండింది. ముఖం ఎప్పటికప్పుడు శుభ్రంగా ఉంచుకుంటున్నాను, బయట ఉన్నప్పుడు కూడా తడి టిష్యూలతో తుడుచుకుంటూనే ఉన్నాను. చివరికి మందుల దుకాణంలో అడిగితే ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు. అది రాసిన రెండు రోజులకు రెప్పలు అద్దంలా నున్నగా అయ్యాయి. నా సంతోషం అంతా ఇంతా కాదు. మానేసిన అయిదో రోజున మళ్లీ మొదటికి వచ్చింది. అలా రాయడం, తగ్గడం, మానడం, తిరగబెట్టడం ఇప్పటికి నాలుగుసార్లు జరిగింది. నిన్న ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివితే అందులో ఘాటైన స్టెరాయిడ్, దానితోపాటు ఒక యాంటీబయోటిక్ ఉన్నట్టు తెలిసి భయం వేసింది.

కళ్లకు నేను ఐలైనర్ గాని మస్కారా గాని పెట్టుకోను. రెప్పలకు ఏమీ రాయనప్పుడు ఈ బాధ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఆయింట్‌మెంట్ ఇంకా వాడవచ్చా? చూపించుకోవలసింది చర్మవైద్యులకా, కంటివైద్యులకా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


సమాధానం
రాసినవారు: నిదానం

వేకువ గారూ, మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల కిందటి నా సంగతే గుర్తుకు వచ్చింది. కారణం దొరకడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

రెప్పలకు ఏమీ రాయనప్పుడు బాధ ఎక్కడిదని అడిగారు. నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను. నా విషయంలో దోషం గోళ్ల రంగుది. రెప్పలు ఎర్రబడ్డాయి గాని, రంగు వేసుకున్న వేళ్లకు ఏమీ కాలేదు, అందువల్ల ఎవరికీ అనుమానం రాలేదు. ఒంటి మీద చర్మమంతటిలోకి రెప్ప చర్మమే పల్చనిది, మందం అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. వేళ్ల చివర, అరచేతిలో చర్మం దానికి ఎన్నో రెట్లు దళసరిగా ఉంటుంది. ఒకే పదార్థాన్ని వేలు తట్టుకుంటుంది, అదే వేలు వెళ్లి రెప్పను తాకితే రెప్ప తట్టుకోలేదు. రోజులో మనకు తెలియకుండా ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుంటామో, నుదురు రుద్దుకుంటామో, చెంప కింద చెయ్యి పెట్టుకొని పడుకుంటామో ఒకసారి గమనించండి. నేను ఒక సాయంత్రం పుస్తకం చదువుతూ, ముఖం మీదికి చెయ్యి వెళ్లిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీశాను. గంట గడిచేసరికి ఇరవైమూడు గీతలు పడ్డాయి.

ఇంకో చిక్కు కాలవ్యవధిది. ఇలాంటి అలెర్జీ వెంటనే బయటపడదు. పదార్థం తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల తరువాత దురద, ఎరుపు కనిపిస్తాయి. నేను ఆదివారం రాత్రి రంగు వేసుకుంటే మంగళవారం ఉదయం రెప్పలు ఉబ్బేవి. మంగళవారం నాడు కొత్తగా ఏం చేశానా అని వెతుక్కుంటే ఏం దొరుకుతుంది? అందుకని ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొని, రెప్పలు మండిన రోజుకు ముందు మూడు రోజుల్లో ముట్టుకున్నవి, రాసుకున్నవి, కడిగినవి రాయడం మొదలుపెట్టాను. నాకు దారి చూపింది ఆ పుస్తకమే.

అలెర్జీ ఏళ్ల తరబడి వాడిన వస్తువుకు కూడా పుట్టవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. ‘ఇది పదేళ్లుగా వాడుతున్నాను, దీనివల్ల కాదు’ అని దేనినీ పక్కన పెట్టకండి. తలకు వేసుకునే రంగులోని పారాఫినైలిన్‌డయమీన్, జెల్ గోళ్లలో వాడే అక్రిలేట్లు, షాంపూ నురగ కోసం కలిపే కోకామిడోప్రొపైల్ బీటైన్, దాదాపు ప్రతి సీసాలోనూ ఉండే సువాసన ద్రవ్యాలు, వస్తువు చెడిపోకుండా కలిపే సంరక్షకాలు, రెప్పవెంట్రుకలు వంచే సాధనంలోని నికెల్, గాయాలకు రాసే ఆయింట్‌మెంట్లలోని నియోమైసిన్, ఇవన్నీ రెప్పలను బాధపెట్టగలవు. షాంపూ రాసేది తలకే అయినా, కడిగేటప్పుడు ఆ నీరు జారేది కళ్ల మీదుగానే కదా. మీ ట్యూబులోని యాంటీబయోటిక్ ఏదో కూడా చూడండి. అది నియోమైసిన్ అయితే, తగ్గించడానికి రాస్తున్న మందే కొంత బాధను పెంచుతూ ఉండే అవకాశం ఉంది.

నోటుబుక్కుతో అనుమానం కలిగింది గాని, నిర్ధారణ జరిగింది ప్యాచ్ పరీక్షతోనే. చర్మవైద్యులు చిన్న చిన్న గుండ్రని బిళ్లల్లో రకరకాల పదార్థాలు ఉంచి వీపు మీద వరసగా అంటిస్తారు. 48 గంటలు వాటిని తడపకుండా, చెమట పట్టకుండా ఉంచుకోవాలి. తీసేసిన తరువాత ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. రెండో రాత్రి నా వీపు మీద కుడివైపు మూడో వరసలో ఒక్కచోట మాత్రం గోక్కోవాలన్నంత దురద పుట్టింది. బిళ్లలు తీశాక అక్కడ రూపాయి బిళ్లంత ఎర్రని దద్దురు, మధ్యలో చిన్న చిన్న పొక్కులు ఉన్నాయి. అది గోళ్ల రంగు గట్టిపడడానికి వాడే రెజిన్. గోళ్ల రంగు మానేసిన అయిదు వారాలకు నా రెప్పలు మామూలుగా అయ్యాయి, మళ్లీ ఇంతవరకు రాలేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. కొత్తవి కొనకండి, ఉన్నవే తగ్గించండి. రెండు మూడు వారాలు ముఖానికి గోరువెచ్చని నీరు, సువాసన కలపని తెల్లని పెట్రోలియం జెల్లీ తప్ప మరేదీ వద్దు. సీసా మీద ‘వాసన లేనిది’ అని రాసి ఉంటే సరిపోదు, అసలు వాసనను కప్పిపుచ్చడానికి మరో సువాసన ద్రవ్యం కలిపిన వాటిని కూడా అలాగే అమ్ముతారు. వెనక వైపు చిన్న అక్షరాల జాబితా చదవాలి.


సమాధానం
రాసినవారు: రెప్పపాటు

కంటి వైద్యశాలలో నర్సుగా పదిహేనేళ్లకు పైగా పని చేస్తున్నాను. నిదానం గారు రాసినదానితో ఏకీభవిస్తూనే, ఆయింట్‌మెంట్ విషయంలో కొంచెం గట్టిగా చెప్పవలసి ఉంది.

వేకువ గారూ, ఆ ట్యూబు ఇక మీ అంతట మీరు వాడకండి. రెప్పల మీద రాసిన స్టెరాయిడ్ పల్చని ఆ చర్మం గుండా తేలికగా లోపలికి ఇంకుతుంది, కొంత కంటిలోకి కూడా చేరుతుంది. ఘాటైనది చాలాకాలం వాడితే చర్మం ఇంకా పల్చబడి సన్నని రక్తనాళాలు పైకి తేలుతాయి, కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధికి (గ్లకోమా) దారితీయవచ్చు, శుక్లాలు కూడా రావచ్చు. కంటి ఒత్తిడి పెరుగుతున్నప్పుడు నొప్పి ఉండకపోవచ్చు, అందుకే నాకు దానంటే భయం. మీరు విడతలు విడతలుగా నాలుగుసార్లు వాడారు కాబట్టి, కంటివైద్యుల దగ్గర ఒకసారి ఒత్తిడి కొలిపించుకోండి. అది కొన్ని నిమిషాల్లో అయిపోయే పరీక్ష. మానేసిన తొలి రెండు వారాల్లో మంట, ఎరుపు మునుపటికన్నా ఎక్కువ కావచ్చు. అప్పుడు మళ్లీ ట్యూబు వైపు చెయ్యి వెళుతుంది. ఆ సమయానికే వైద్యుల సలహా మీ దగ్గర ఉండేలా చూసుకోండి. రెప్పలకు స్టెరాయిడ్ అవసరమైనప్పుడు చర్మవైద్యులు మామూలుగా తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్ వంటిదాన్ని కొద్ది రోజులకు మాత్రమే రాస్తారు. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్, పిమెక్రోలిమస్ లేపనాలు కూడా ఉన్నాయి. వాటివల్ల చర్మం పల్చబడదు గాని, మొదటి కొన్ని రోజులు రాసిన చోట వేడిగా మండినట్టు ఉంటుంది, ఆ సంగతి ముందే తెలియక చాలామంది రెండో రోజే మానేస్తారు.

ఇక ఎవరికి చూపించుకోవాలన్న ప్రశ్న. బాధ రెప్ప పైచర్మంలో ఉందా, వెంట్రుకలు మొలిచే అంచులో ఉందా అన్నది చూడాలి. మీరు చెప్పినది పైచర్మం బాధలాగే ఉంది, కాబట్టి ముందు చర్మవైద్యులు. అంచు వాపు తీరు వేరు. ఉదయం లేచేసరికి రెప్పలు అంటుకొని ఉంటాయి, కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది, వెంట్రుకల మొదళ్లలో చుండ్రులాంటి పొట్టు చేరుతుంది. ఒక్కో వెంట్రుక చుట్టూ మొదట్లో చిన్న గొట్టంలా తొడిగినట్టు పొట్టు కనిపిస్తే, అది డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు వల్ల కావచ్చు. ఆ పురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు దాకా ఉంటుంది, చాలామంది పెద్దల చర్మంలో ఏ ఇబ్బందీ పెట్టకుండా కూడా బతుకుతుంది. టీ ట్రీ నూనె దానికి మందని విని, కలపకుండా రెప్పలకు రాసుకొని కళ్లు కాల్చుకొని వచ్చినవారిని నేను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

అంచు వాపు ఉన్నవారికి మేము చెప్పేది కాపడం. ప్రతి రెప్ప అంచులోనూ ఇరవైకి పైగా సన్నని నూనె గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి వచ్చే నూనె కన్నీటి పొర మీద పరుచుకొని, నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. ఆ నూనె గడ్డకట్టి దారి మూసుకుపోతే కన్ను ఎండుతుంది, అంచు ఎర్రబడుతుంది. శుభ్రమైన గుడ్డను సుమారు 40 డిగ్రీల వేడి నీటిలో ముంచి, పిండి, మూసిన కళ్ల మీద అయిదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ ఒక నిమిషంలోనే చల్లారిపోతుంది, మళ్లీ మళ్లీ ముంచాలి. చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. ఆ తరువాత రెప్పను అంచు వైపు మెల్లగా నిమిరి, అంచును తడి గుడ్డతో తుడవాలి. మీకు ఇది అవసరం లేదనే అనుకుంటున్నాను, ఎండిన చర్మానికి వేడి ఇంకా చెరుపు చేస్తుంది. ఇదే ప్రశ్నతో వచ్చే మరొకరికి పనికి వస్తుందని రాశాను.

నీటికాసులకు చుక్కలు వేసుకునేవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. బ్రిమోనిడిన్, డోర్జోలమైడ్ వంటి చుక్కలకు, లేదా వాటిలో సంరక్షకంగా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌కు అలెర్జీ వచ్చి రెప్పలు ఇలాగే ఎర్రబడి పొట్టు రాలవచ్చు. అలా అనిపిస్తే వైద్యులకు చెప్పి మార్పించుకోవాలి గాని, చుక్కలు మాత్రం మీ అంతట మీరు మానకూడదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి. కన్ను నొప్పి పుట్టడం, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, జ్వరంతోపాటు రెప్ప వాచి కన్ను తిప్పితే నొప్పి రావడం, నుదుటి మీద ఒకవైపు మాత్రమే పొక్కులు లేచి అవి ముక్కు చివరిదాకా పాకడం. ఈ చివరిది సర్పి (హెర్పిస్ జోస్టర్) కంటికి సోకుతోందనడానికి గుర్తు. రెప్పలు ఊదారంగుకు తిరిగి, కూర్చున్న చోటి నుంచి లేవడానికి, చేతులు పైకెత్తడానికి బలం చాలకపోతే అది కండరాలకు సంబంధించిన జబ్బు కావచ్చు. ఒకే రెప్ప మీద నెలల తరబడి మానని గడ్డ లేదా పుండు ఉండి, అక్కడి వెంట్రుకలు రాలిపోతుంటే పరీక్ష చేయించి తీరాలి.


సమాధానం
రాసినవారు: చిరుగాలి

నాకు చిన్నప్పటి నుంచీ ఎగ్జిమా ఉంది, మోచేతి మడతలతోపాటు రెప్పల మీద కూడా వస్తూ పోతూ ఉంటుంది. అలెర్జీ ఏదీ తేలకపోయినా రెప్పలు ఎండిపోయేవారు ఉంటారని చెప్పడానికే రాస్తున్నాను. నాకు రెండుసార్లు ప్యాచ్ పరీక్ష చేసినా ఏమీ పట్టుబడలేదు. పొడిగాలి, నిద్రలో నులుముకోవడం, ఈ రెండే నన్ను ఎక్కువ బాధపెట్టేవి. ముఖం కడుక్కొని మెత్తని గుడ్డతో అద్దుకున్న వెంటనే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, బియ్యపు గింజంత పెట్రోలియం జెల్లీ ఉంగరపు వేలితో రెప్పకు తాకించి వదిలేస్తాను. రుద్దను. ఎక్కువ రాస్తే కంట్లోకి జారి చూపు మసకబారుతుంది. దురద పుడితే నులమకుండా, చల్లని నీటిలో ముంచిన గుడ్డను కళ్ల మీద రెండు నిమిషాలు ఉంచుతాను. ఏళ్ల తరబడి గట్టిగా నులిమితే నల్లగుడ్డు ముందుభాగం పల్చబడి కోన్‌లా ముందుకు పొడుచుకు వచ్చే కెరటోకోనస్ అనే జబ్బుకు అవకాశం పెరుగుతుందని నాకు కంటివైద్యులు చెప్పారు. అప్పటి నుంచి గోళ్లు పొట్టిగా కత్తిరించుకొని పడుకుంటున్నాను.


ప్రశ్న అడిగినవారి నుంచి, ఏడు వారాల తరువాత
రాసినవారు: వేకువ

మీ ముగ్గురికీ నా కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

ఆయింట్‌మెంట్ మానేశాను. రెప్పపాటు గారు చెప్పినట్టే రెండో వారం చాలా కష్టంగా గడిచింది. ఒక రాత్రి రెప్పలు ఎంత మండాయంటే, చెత్తబుట్టలో పడేసిన ట్యూబు కోసం లేచి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాను. అప్పటికే చర్మవైద్యులను కలిసి ఉండడం వల్ల పిమెక్రోలిమస్ లేపనం చేతిలో ఉంది. కంటి ఒత్తిడి కొలిపించుకున్నాను, మామూలుగానే ఉందన్నారు. ఆ మాట విన్నాక గాని నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నోటుబుక్కులో మూడు వారాలు రాశాక ఒక సంగతి కనిపించింది. ఇంట్లో ఉన్న సెలవు రోజుల తరువాత రెప్పలు నెమ్మదిగా ఉంటున్నాయి, పనికి వెళ్లిన రోజుల తరువాత మండుతున్నాయి. పని వల్ల కలిగే అలసట అనుకున్నాను. ప్యాచ్ పరీక్షలో మాత్రం మిథైల్ఐసోథయాజోలినోన్ అనే సంరక్షకం దగ్గర దద్దురు లేచింది. ఇంటికి వచ్చి సీసాలన్నీ బల్ల మీద పేర్చి, భూతద్దం పెట్టి ఒక్కొక్క జాబితా చదివాను. ఫేస్‌వాష్‌లో లేదు, మూడు క్రీముల్లోనూ లేదు. బయటికి వెళ్లినప్పుడల్లా ముఖం తుడుచుకునే తడి టిష్యూల ప్యాకెట్టు సంచిలోనే ఉండిపోయింది గనుక ఆఖరున గుర్తుకు వచ్చింది. ఆ పేరు అందులో చివరి వరసలో ఉంది. చేతులు కడుక్కునే ద్రవంలో కూడా ఉంది. శుభ్రంగా ఉంచుకుంటున్నానని మీకు గర్వంగా రాసుకున్న పనే నా రెప్పలను కాల్చిందని తెలిసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అవి రెండూ మానేసి ఇవాళ్టికి ఇరవైనాలుగు రోజులు. ఎడమ రెప్ప పూర్తిగా నున్నబడింది. కుడి రెప్ప మడతలో ఇంకా కొంచెం పొట్టు ఉంది. ఇప్పుడు చేతులకు కొత్త ద్రవం, ముఖానికి ఒక క్రీము కొనుక్కోవాలి. వాటిలో నాకు పడనిది లేదని చదివి తెలుసుకోగలను, మరి ఇంకేదైనా పడకపోతే రెప్పల మీద ప్రయోగం చేయకుండా ముందే తెలుసుకునే దారి ఉందా?


సమాధానం
రాసినవారు: రెప్పపాటు

మీరు రాసింది చదివి మనసు తేలికపడింది. ఆ సంరక్షకం ఎంతోమందిని ఇలాగే తిప్పలు పెట్టింది. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి తగిలిన పదార్థాల వల్ల వచ్చే మంట) వైద్యుల సంఘం 2013లో దాన్ని ఆ ఏటి అలెర్జీ కారకంగా ప్రకటించింది. రాసుకొని కడగకుండా వదిలేసే వస్తువుల్లో దాని వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది. కడిగేసే వస్తువుల్లోనూ, గోడలకు వేసే రంగుల్లోనూ, బట్టలూ గిన్నెలూ తోమే ద్రవాల్లోనూ ఇప్పటికీ కనిపిస్తుంది, కాబట్టి కొత్తగా రంగు వేసిన గదిలో కొన్ని వారాలు పడుకోకండి, గిన్నెలు తోమేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

మీరు అడిగినదానికి దారి ఉంది. కొత్త క్రీమును మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, అదే చోట రాయండి. వారం నుంచి పది రోజులు అలా రాసినా అక్కడ దురద గాని ఎరుపు గాని రాకపోతే, అప్పుడు చెవి కిందుగా మెడ మీద ఇంకో మూడు రోజులు రాసి చూసి, ఆ తరువాతే ముఖానికి వాడండి. ఈ పద్ధతి ఒంటి మీద ఉండిపోయే క్రీములకే. చేతులు కడిగే ద్రవాన్ని అలా రాసి వదిలేస్తే ఎవరి చర్మమైనా మండుతుంది, దానికి జాబితా చదవడమే దారి. కుడి రెప్ప మడతలో మిగిలిన పొట్టును గోటితో గిల్లకండి, దానంతట అదే రాలిపోతుంది. లేపనం ఎప్పుడు మానాలో మీ చర్మవైద్యులు చెప్పేదాకా వాడుతూ ఉండండి.